మా అవ్వ మాట: కోటల రీల్స్ తీసే పిల్లలకు ఒక బహిరంగ లేఖ

కోటల కెమెరాలు పట్టుకొని తిరిగే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు, వరంగల్ పేరు మీద పేజీలు నడిపేటోళ్లకు దండాలు.

నా పేరు మీకు అక్కెర లేదు. ఖిలా వరంగల్ల రాతికోట లోపటి వాడకట్టుల జాకెట్లు కుట్టి బతుకుతున్న. మీరు బండ్లు ఆపేది శాన సార్లు నా దుకాణం ముంగటనే. నేను మీకు ఎరుక కాకపోయినా మా అవ్వ గొంతు మీకు ఎరుకే. "గింత పెద్ద కోటనే కూలింది, నువ్వెంత బిడ్డా!" క్రికెట్ల వికెట్ పడ్తే వేస్తరు చూడు, ఎన్నికలల్ల ఎవలన్న ఓడితే వేస్తరు, జిమ్ముల కండలు చూపిచ్చే పిల్లగాడు కాలి మీద డంబెల్ పడేసుకుంటే వేస్తరు. ఆ గొంతు. పదకొండు సెకండ్లు. మా దిక్కు అవ్వ అంటే కన్నతల్లి. కామెంట్లల్ల "ఎవరి నానమ్మో గని కేక" అని రాసిన్రు. ఎవరి నానమ్మో కాదు, మా అమ్మ. అరవై నాలుగేండ్లు. ఆమెకు ఫోన్ అంటే పచ్చ బటన్, ఎర్ర బటన్. గంతే.

మీకు తెల్సింది పదకొండు సెకండ్లు. అది శానసేపు నడిచిన ముచ్చట. మిగిలింది నేను చెప్త.

పోయిన ఏడు ఫిబ్రవరి ఆఖరు. మాకున్న ఇరవై గుంటల చెలకల మిరప ఏరి, ఇంటి ముంగట పట్ట పరిచి ఆరబోసింది అవ్వ. మాకు, నా చెల్లె వాళ్లకు ఏడాది కారం అది. మిగిలితే ఎనుమాముల మార్కెట్‌కు పోతది. నలుగురు పిల్లలు వచ్చిన్రు. ఒక డ్రోను, రెండు ఫోన్లు, తెల్ల షేర్వానీ వేసుకున్న పెండ్లికొడుకు, తోక ఇంత పొడుగున్న ఎర్ర గౌనుల పెండ్లిపిల్ల. పెండ్లికి ముందటి షూటింగ్. మా కోటల ఇది కొత్త కాదు, మాఘమాసం వస్తే రోజుకు ఐదారు జంటలు. తోరణం మొత్తం ఫ్రేముల పడాల్నంటే కెమెరా ఎనుకకు జరగాలె. అట్ల జరిగి జరిగి ఆ పిల్లగాడు బూట్లతోని మిరపకాయల నడుమకు వచ్చి నిలబడ్డడు.

"బిడ్డా, కాయ నలుగుతది, జర ఇటు రా" అన్నది అవ్వ. పోయిండు, మళ్లొచ్చిండు. రెండోసారి కూడ మెల్లగనే చెప్పింది. మూడోసారికి ఆ పిల్లగాడు ఫోన్ల నుంచి తల ఎత్తకుంటనే, "ఒక్క నిమిషం ఆంటీ, కోట మొత్తం మీదేనా?" అన్నడు. అప్పుడు లేచింది మా అవ్వ. కొంగు నడుముల చెక్కి అన్న మాట ఇది: "కోట నాది కాదు బిడ్డా, కాయ నాది. గింత పెద్ద కోటనే కూలింది, నువ్వెంత బిడ్డా!"

మొదటి ముక్క మీరు కోసేసిన్రు. "కోట నాది కాదు, కాయ నాది." నాకు అడిగితే ఆ రోజు మాట్లాడిన మాటలల్ల అన్నిటికంటె మంచి మాట అదే. కని అందుల నవ్వొచ్చేది లేదు గద, కత్తెర పడ్డది. నేను కూడ కత్తెర పట్టే మనిషినే. ఎక్కడ కోస్తే బట్ట ఎటు పోతదో నాకు తెల్వదా?

అటెనుక ఏమైందో కూడ వినుండ్రి. మీకు చపాటా మిర్చి తెల్సే ఉంటది, టమాట లెక్క బొద్దుగ ఉండేది, 2025ల జీఐ గుర్తింపు కూడ వచ్చింది దానికి. దాని గొప్ప అంత రంగుల ఉంటది, మంట తక్కువ. ఆ రోజు మా ఇంటి ముంగట ఆరబోసింది అది కాదు, మంట ఎక్కువుండే తేజ రకం. ఆ పిల్లగాడు బూట్లు దులుపుకున్నడు, ఆ చేతితోనే కండ్లు తుడుసుకున్నడు. ఇగ చూసుకో. రెండు కండ్లు ఎర్రగ కాలిన పెనం లెక్క అయినయి. వాన్ని గద్దె మీద కూసోబెట్టి, రంజన్ల సల్లటి నీళ్లు ముంచి ముంచి కండ్లు కడిగింది ఎవరనుకున్నరు? ఇప్పుడే తిట్టిన ఆ ముసలామెనే. "ఏడ్వకు బిడ్డా, పోతది, పోతది" అనుకుంట. వాళ్లు నీళ్లు తాగిన్రు, "సారీ అమ్మా" అన్నరు, పోయిన్రు. మేము మర్చిపోయినం. నడుమ ఒక పిల్ల ఫోన్ల తీసిన సంగతి మాకు తెల్వదు. కండ్లు కడుగుడు తీసిందో లేదో కూడ తెల్వదు. తీసినా అది ఎవలు పెడ్తరు?

మూడో రోజు నా గిరాకి ఒకామె బిడ్డ, ఇంటర్ చదివే పిల్ల, కొలతలు ఇయ్యవచ్చి ఫోన్ల చూసుకుంట కిసకిసా నవ్వుతున్నది. ఏంది బిడ్డా అంటే చూపెట్టింది. మా దర్వాజ. మా పట్ట. మా అవ్వ. మొదట నాకు కూడ నవ్వొచ్చింది, అబద్ధమెందుకు. అవ్వకు చూపెడితే ఆమె కూడ నవ్వింది. "అగో, నేను టీవీల పడ్డనా?" అన్నది. అప్పటికి అది ఒక్క వీడియోనే. వారం తిరిగేటాలకు గొంతు వేరు, మనిషి వేరు అయింది. మనిషిని తీసేసి గొంతును ఉంచుకున్నరు. ఆ గొంతు మీద ఒకడు కుక్కను కూసోబెట్టిండు, ఒకామె తన మొగుణ్ని కూసోబెట్టింది. ఒకాయన దాన్ని సాగదీసి, సన్నగ జేసి, ఎనుక డప్పు దరువు పెట్టిండు. ఇగ వినాయక చవితికి, మా ఇంటి ముంగటికెల్లి ఉర్సు చెరువు దిక్కు పోయే వినాయకుని ముంగట, డీజే డబ్బాలల్ల వచ్చింది. "కూలింది కూలింది కూలింది, నువ్వెంత నువ్వెంత." పిల్లలు ఎగురుతున్నరు. అవ్వ గడప మీద టెంకాయ పట్టుకొని నిలబడ్డది, దేవునికి కొడ్తమని. నా దిక్కు తిరిగి, "బిడ్డా, నా గొంతు ఆ డబ్బాల ఎందుకున్నదే?" అని అడిగింది. నాకు జవాబు రాలే.

మీరు అనుకుంటరు, ఈమెకు ఫోన్లంటే పడదు, పాతకాలపు మనిషి అని. కాదు. నా బతుకుల సగం ఫోనే నేర్పింది. 2016 సెప్టెంబర్ల జియో వచ్చేదాక నెలకు ఒక జీబీ వేసుకొని, దాన్ని ఉప్పు లెక్క వాడుకునేటోళ్లం. నెట్ ఫుకట్ అయినంక రాత్రి పిల్లలు పన్నంక నేను యూట్యూబ్ పెట్టుకునేది. ప్రిన్సెస్ కట్ నాకు ఏ గురువు నేర్పలే. ఎవరో ఒక తెలుగామె, మొఖం కూడ చూపియ్యది, రెండు చేతులు, ఒక చాక్‌పీసు, ఒక న్యూస్‌పేపర్ ముక్క. ఆమె దయ. బుట్ట చేతులు, ఎనుక తాళ్లు, అన్నీ ఆ పేపర్ ముక్కల మీదనే నేర్చుకున్న. మగ్గం వర్క్ మాత్రం ఫోన్ల చూస్తే రాదు, దానికి పక్కన కూసోని చేతి మీద చెయ్యి పెట్టి చెప్పే మనిషి కావాలె. అది వేరే ముచ్చట.

ఇప్పుడు నా గిరాకి మొత్తం ఫోన్ల నుంచే వస్తది. పదిహేనేండ్ల కింద ఒకామె జాకెట్ కుట్టియ్యాల్నంటే పాత జాకెట్ ఒకటి ఆది ఇచ్చి పోయేది. ఇప్పుడు ఆదితోని పాటు స్క్రీన్‌షాట్ వస్తది. "అక్కా, అచ్చం ఇట్లనే." అందుల ఉన్న పిల్ల నడుము ఇరవై ఆరు, మా వదిన నడుము నలభై రెండు. అందుల ఉన్న నెమలి రంగు ఫిల్టర్ల పుట్టిన రంగు, వరంగల్ బట్టల దుకాణాలన్నీ తిరిగినా దొరకది. ఆ సంగతి చెప్పుడే నా పనిల సగం. బతుకమ్మ వస్తే ఇదివరకు ఎవరి చీర వాళ్లది, ఎవరి రంగు వాళ్లది. ఇప్పుడు వాడకట్టుకు ఒక రంగు, రోజుకు ఒక రంగు. ఎంగిలిపూల నాడు ముప్పై మంది ఒకటే చీర కట్టాలె, వీడియోల లైను మంచిగ రావాలె. తంగేడు, గునుగు ఎవలు తెచ్చిన్రు అని అడిగేటోళ్లు తగ్గిన్రు గని, చీరలు ఎవలు సెలెక్ట్ చేసిన్రు అని మాత్రం అడుగుతరు. పెండ్లిల్లల్ల హల్దీ అన్న మాట నా పెండ్లి నాటికి మా దిక్కు లేదు. నలుగు పెట్టేటోళ్లు, మైలపోలు తీసేటోళ్లు, పాత చీర కట్టుకొని కూసుండేటోళ్లు, ఎందుకంటే పసుపు మరక పోదు. ఇప్పుడు ఆ మరక కోసమే కొత్త పసుపు చీరలు, కొత్త పసుపు జాకెట్లు. ఒక్క పెండ్లికి పదిహేను జాకెట్లు కుట్టిన మొన్న. నాకు పైసలొచ్చినయి. ఇంటి కిరాయి, పిల్లల ఫీజులు ఆ పసుపులనే ఉన్నయి. అందుకే ట్రెండులను తిట్టే హక్కు నాకు పెద్దగ లేదు, తిట్టను కూడ.

2020 జూన్ 29 నాడు సర్కారు టిక్‌టాక్‌తో కలిపి 59 యాప్‌లు బంద్ పెడితే మా గల్లీల పిల్లలు చేతులు కట్టేసినట్టు అయిన్రు. పది రోజులు తిరగకముందే ఇన్‌స్టాల రీల్స్ వచ్చినయి, మళ్ల ఎగురుడు షురూ. నాకు అప్పుడే సమజ్ అయింది, ఇది పోయేది కాదు, ఉండేదే అని. ఉండనియ్యుండ్రి. నేను అడిగేది వేరే.

మా మాట గురించి ఒక సంగతి. మా అవ్వ మాట్లాడేది తెలంగాణ మాట. నేను చిన్నగున్నప్పుడు సినిమాలల్ల ఈ మాట ఎవలు మాట్లాడేటోళ్లు? గూండా, లేకుంటే జోకర్, లేకుంటే హీరోయిన్ ఇంటి పనిమనిషి. బడిల నేను "వచ్చిన్రు" అంటే సారు "వచ్చారు అనాలి" అని బెత్తం చూపెట్టేది. మా కాళోజీ పుట్టిన రోజును, సెప్టెంబర్ 9ని, తెలంగాణ భాషా దినోత్సవం చేసిన్రు. వరంగల్ల బతికిన మనిషి పేరు మీద మా మాటకు ఒక దినం వచ్చింది. మంచిదే. కని నిజం చెప్పాల్నంటే మా మాటకు ఇజ్జత్ తెచ్చిన వాళ్లల్ల ఫోన్ల వీడియోలు తీసిన పిల్లలు కూడ ఉన్నరు. జగిత్యాల జిల్లా లంబాడిపల్లిల మై విలేజ్ షో పిల్లలు ఏం చేసిన్రు? మా ఇండ్లల్ల మాట్లాడుకునే మాటను ఉన్నదున్నట్టు పెట్టిన్రు. గంగవ్వ బడికి పోని మనిషి, పొలాలల్ల పని చేసుకునే మనిషి, ఆ వీడియోలతోని దేశమంత ఎరుకైంది. 2020ల టీవీ షోకు పోయింది. ఆమెను చూసి మా అవ్వ "అగో, మన లెక్కనే మాట్లాడ్తున్నది" అని సంబురపడ్డది. జానపద పాటలు తీసే పిల్లలు కరీంనగర్ల, జగిత్యాల్ల, వరంగల్ల ఎంతమంది! వాళ్ల పాటలు పెట్టుకొని నేను రాత్రి రెండింటిదాక మిషన్ తొక్కుత.

గంగవ్వకు, మా అవ్వకు నడుమ తేడా ఏందో చెప్పుండ్రి. మాట ఒకటే, వయసు కూడ ఒకటే దగ్గర. గంగవ్వకు కెమెరా ఎక్కడున్నదో ఎరుక. ఏం చెప్తున్నదో, ఎందుకు చెప్తున్నదో ఎరుక. ఇష్టం లేకుంటే చెయ్యది. చేసినందుకు ఆమెకు ఇంత దక్కుతది. ఆమె నవ్వించింది, జనం నవ్విన్రు. మా అవ్వ ఎవల్ని నవ్వియ్యలే. ఆమె మిరపకాయలు కాపాడుకుంటున్నది. అగో, అక్కడ పడ్డది మెలిక. మళ్ల సినిమాల కాలమే వచ్చింది, తెలంగాణ మాట అంటే నవ్వుకునేటిది అని. తేడా ఏందంటే అప్పుడు నవ్విచ్చింది ఎక్కడివాళ్లో, ఇప్పుడు మన పిల్లలే.

ఇగ పేజీలు నడిపే తమ్ముళ్లకు ఒక మాట, జర కటువుగనే ఉంటది. అవ్వ వీడియోను ఎక్కువ తిప్పిన పేజీ ఒకటున్నది, పేరు రాయను. ఆ ఒక్క వీడియోతోని వాళ్లకు మస్తు మంది జమైన్రు. పదిహేను రోజులకు ఆ పేజీల ఏం వచ్చిందో నా కొడుకు చూపెట్టిండు. "వంద పెట్టు, వెయ్యి కొట్టు" అని ఒక బెట్టింగ్ యాప్ లింకు. మన రాష్ట్రంల ఆన్‌లైన్ జూదం 2017 నుంచే చట్టం ప్రకారం బంద్. 2025 మార్చిల హైదరాబాద్ పోలీసులు బెట్టింగ్ యాప్‌లకు ప్రచారం చేసినోళ్ల మీద, అండ్ల పెద్ద పెద్ద పేర్లున్నోళ్ల మీద, కేసులు పెట్టినంక ఆ పోస్టు రాత్రికి రాత్రి మాయమైంది. ఆగస్టుల కేంద్రం పైసలు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలనే బంద్ పెట్టుకుంట చట్టం తెచ్చింది. సరే. కని నాకు కడుపుల కాలింది ఏందంటే, జనాన్ని అక్కడికి పిలిచింది మా అవ్వ గొంతు. జాతరల తప్పెట కొట్టి జనాన్ని జమ చేసి, ఎనుక మూడు ముక్కలాట పెట్టే వాళ్లుంటరు చూడు, అట్ల. ఆమె తప్పెట అయింది.

మీరు ఏది చూపెడ్తే జనం అటు పోతరు. మీకు అది ఆట, కని మీ చేతుల ఉన్నది చిన్న పని కాదు. 2023 జులైల ఆ పెద్ద వానలు యాదికున్నయా? మోరంచపల్లి మునిగింది, మా భద్రకాళి చెరువు కట్ట తెగింది. ఆ వానలల్లనే ములుగు జిల్లాల ముత్యంధార జలపాతం చూడపోయినోళ్లు పదుల మంది, వాగు పొంగి అడవిల చిక్కుకున్నరు. ఎన్డీఆర్‌ఎఫ్ వాళ్లు రాత్రిపూట పోయి తీసుకొచ్చిన్రు. అంత వానల ఆ అడవికి వాళ్లను ఏం గుంజుకపోయిందో నేను చెప్పలేను. కని ఇప్పటికీ వాన మొదలైతే చాలు, నా ఫోన్ల జలపాతాలు దుంకుడు షురూ అయితది. వాగు దాటేటప్పుడు నీళ్లు ఎంతున్నయో ఒక్క వీడియోల ఉండది. అదీ కత్తెరనే.

2018ల ఇంకో రకం చూసినం. పిల్లలను ఎత్తుకపోయేటోళ్లు వచ్చిన్రని వాట్సాప్‌ల తిరిగింది. మా గల్లీల ఇరవై ఏండ్ల సంది గాజులు అమ్మే ఆయనను కొత్త పోరగాండ్లు చుట్టుముట్టిన్రు, మా అవ్వ పోయి అడ్డం నిలబడ్డది. వేరే ఊర్లల్ల మనుషుల పానాలే పోయినయి ఆ పుకారుకు. ఆ జులైల వాట్సాప్ వాళ్లు ఒక్కసారికి ఐదుగురికే పంపేటట్టు కట్టడి చేసిన్రు. అప్పటి గద్వాల ఎస్పీ రెమా రాజేశ్వరి పాటలు పాడేటోళ్లను, డప్పు కొట్టేటోళ్లను ఊరూరికి పంపిచ్చి ఆ పుకారు అబద్ధమని చెప్పిచ్చింది. ఫోన్ల వచ్చిన రోగానికి డప్పు మందైంది. ఈ ముచ్చట ఇక్కడ ఎందుకంటరేమో. మా అవ్వ ఎసుంటి మనిషో మీకు ఎరుక కావాల్నని రాసిన. ఒక మనిషిని పది మంది చుట్టుముడితే అడ్డం పోయే మనిషి. ఆమెను లక్షలమంది చుట్టుముడితే అడ్డం పోయేందుకు నాకు తొవ్వ దొరకలే.

దొరకలే అంటే, నేను ఊకె కూసోలే. 2021ల వచ్చిన ఐటీ రూల్స్ ప్రకారం ఇన్‌స్టా అసుంటి కంపెనీలకు ఫిర్యాదు అందితే 24 గంటలల్ల అందిందని చెప్పాలె, 15 రోజులల్ల తేల్చాలె అని అప్పుడు ఉండె. నా కొడుకును కూసోబెట్టుకొని రాపిచ్చిన. "ఇది మా తల్లి, ఆమెను అడగకుంట తీసిన్రు." ఒక వీడియో తీసేసిన్రు. ఆ సంబురం ఒక్క పూట. పొద్దుగూకేటాలకు అదే వీడియో ఇంకో పేరు మీద. ఒక్కొక్క లింకుకు ఒక్కొక్క ఫిర్యాదు. చీర అంచున ఒక దారం తెగితే పట్టుకొని ముడేయొచ్చు, చీర మొత్తం పీలికలైతే ఏ దారమని పట్టుకుందును? మనిషి కనబడని, గొంతు ఒక్కటే ఉన్న వీడియోల కాడ ఇంకా తిప్పలు. ఇది మీ తల్లి గొంతే అని ఎట్ల నమ్మాలె అని అడిగిన్రు. నేను ఏమని నిరూపియ్యాలె? నన్ను ఊయలల వేసి ఊపిన గొంతు అది.

ఇక్కడిదాక చదివినోళ్లకు అసలు సంగతి.

"గింత పెద్ద కోటనే కూలింది" అన్నది మా అవ్వ ఆ రోజు పుట్టిచ్చిన మాట కాదు. మా అమ్మమ్మ మాట. కోటల పుట్టి పెరిగినోళ్ల మాట. 1323ల ఢిల్లీ ఫౌజులు వచ్చినయి, కాకతీయుల రాజ్యం పోయింది. గుడి కూలింది, చుట్టు నాలుగు తోరణాలు నిలబడ్డయి. అదే తోరణం బొమ్మ 2014ల మన రాష్ట్రం గుర్తుల ఎక్కింది. ఆ రాళ్ల నడుమ మేము ఎడ్లను కట్టేసినం, వడ్లు ఎండబోసినం, పిల్లలను ఆడిచ్చినం. రాళ్లవాన పడి మా నాయిన వేసిన పంట మొత్తం పోయిన నాడు, ఆయన గట్టు మీద తల పట్టుకొని కూసుంటే, అవ్వ పక్కన కూసోని అన్నది: "గింత పెద్ద కోటనే కూలింది, మనమెంతయ్యా. లే, అన్నం తిను." నాకు పదేండ్లు అప్పుడు. నా మొదటి కాన్పు పోయిన నాడు నా తల నిమురుకుంట అన్నది: "మనమెంత బిడ్డా." మనమెంత. అది ఓదార్పు మాట. కోపమొస్తే మాత్రం మనమెంత పోయి నువ్వెంత అయితది, గంతే తేడా. మీకు దొరికింది కోపంల ఉన్నది.

మొన్న ఇంటర్ ఫలితాలు వచ్చినయి. నా కొడుకుకు మ్యాథ్స్ టూ-బీ పోయింది. నాలుగు మార్కులల్ల. మంచిగ చదివే పిల్లగాడే, ఆ పేపర్ ఒక్కటి మీద పడ్డది. ఫోన్ చూసుకుంట మూలకు కూసున్నడు. వాని సోపతిగాళ్లు గ్రూపుల పంపిచ్చిన్రు, వాని ఫొటో పెట్టి, ఎనుక వాళ్ల నానమ్మ కాదు, అమ్మమ్మ గొంతు. "గింత పెద్ద కోటనే కూలింది, నువ్వెంత బిడ్డా." వాళ్లకు అది వీని అమ్మమ్మనే అని ఎరుక. ఎరుక కాబట్టే ఇంకా నవ్వు.

అవ్వ వచ్చి వాని పక్కన కూసున్నది. నేను మిషన్ కాడికెల్లి చూస్తున్న. ఆమె నోరు తెరిచింది. ఏమంటదో నాకు ఎరుక, ముప్పై ఏండ్ల సంది వింటున్న. అనలే. నోరు మూసుకున్నది. కొద్దిసేపు వాని వీపు మీద చెయ్యి పెట్టి, లేచి లోపటికి పోయింది.

తమ్ముళ్లారా, నేను మీ దగ్గర అడిగేది పెద్దది కాదు. ఫోన్ ఎత్తేముందు అడుగుండ్రి. కోట అందరిది, తోరణం అందరిది, ఎన్ని వీడియోలన్న తీసుకోండ్రి, మీ వెంట వచ్చే జంటల పెండ్లిల్లకు నేనే జాకెట్లు కుడ్త. కని కోటల మేము ఉన్నం. గడప మీద తల దువ్వుకునే ఆడిపిల్ల, నల్లా కాడ కొట్లాడుకునే ఇద్దరు, పసిపిల్లకు పాలిచ్చే తల్లి, మత్తుల పడ్డ మొగోడు, వీళ్లు మీ సీన్ల ఎనుకటి బొమ్మలు కాదు. తీసేదుంటే చూపెట్టుండ్రి, "అమ్మా, ఇది పెట్టాల్నా" అని ఒక్క మాట. శానమంది పెట్టు బిడ్డా అనే అంటరు, మా వాడకట్టుల వాళ్లకు కూడ ఫోన్ల కనబడుడంటే ఇష్టమే. వద్దన్నోళ్లది వద్దు. పెట్టినంక తీసెయ్యమంటే తీసెయ్యుండ్రి, అప్పటికి ఎన్ని వ్యూస్ వచ్చినా సరే. మీ దగ్గర అవ్వ గొంతు ఉంటే తీసెయ్యుండ్రి. మొత్తం పోదని నాకు ఎరుక. మీ ఒక్కరి దగ్గర పోతే చాలు. ఆ రోజు తీసిన పిల్లకు ఈ లేఖ అందితే, నీ మీద నాకు కోపం లేదు బిడ్డా. నీ ఫోన్ల కండ్లు కడిగింది కూడ ఉంటే నాకు పంపు. ఎక్కడ పెట్టను. అవ్వకు చూపెడ్త.

ఈ ఏడు కూడ మిరప పండింది. అవ్వ ఈసారి ఇంటి ముంగట ఆరబోయలే, ఇంటెనుక ఆరబోసింది. ఎనుక ఎండ పగటీలిదాకనే ఉంటది, అటెనుక రాతికోట నీడ పడ్తది. కాయ ఎండేందుకు నాలుగు రోజులు ఎక్కువ పట్టింది, కొంత బూజు పట్టి పారేసినం. ముంగట జాగ సాఫ్‌గ ఉన్నది ఇప్పుడు. తోరణం మొత్తం ఫ్రేముల పడ్తదట, మొన్న వచ్చిన ఫొటోగ్రాఫర్ తమ్ముడు చెప్పిండు.

ఇట్లు,
ఖిలా వరంగల్ జాకెట్ల అక్క